బండి కొన్నాం, సాఫ్ట్‌వేర్ ఎవరిది?

2015 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక విలేకరి జీప్ చెరోకీ నడుపుతుండగా ఏసీ జోరందుకుంది, రేడియో హోరెత్తింది, వైపర్లు ఆడాయి. చివరికి హైవే మీద యాక్సిలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోలేదు. మైళ్ల దూరంలో ఇంట్లో కూర్చుని ఇదంతా చేసింది భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్. విలేకరి ఒప్పుకున్న ప్రయోగమే లెండి. అయినా నడిరోడ్డు మీద చేయాల్సిన పని కాదు. సెల్ నెట్‌వర్క్‌కు కలిపిన వినోద వ్యవస్థే వాళ్లకు దారిచ్చింది. కంపెనీ 14 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించి, యజమానులకు పోస్టులో పెన్‌డ్రైవ్‌లు పంపింది.

అదే ఏడాది అక్టోబరులో, సొంత బండి సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతు కోసం తెరిచి చూసుకోవడానికి అమెరికా కాపీరైట్ చట్టం నుంచి మినహాయింపు దొరికింది. కార్ల కంపెనీలు, ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ వద్దని వాదించాయి. భద్రతను కూడా కారణంగా చూపాయి. యజమానికి తాళం వేస్తే దొంగ రాడన్న ఆ వాదన చెరోకీ ఉదంతం తరవాత నాకు మింగుడుపడదు. తమాషా ఏమిటంటే, ఆ మరమ్మతు మినహాయింపులోంచి వినోద వ్యవస్థను తప్పించారు.

మన ఫోన్లు, స్మార్ట్ టీవీలు, ఇంటి కెమెరాల సంగతి లోపలి పేజీల్లో చదవండి.

— సంపాదకుడు