వనామీ రొయ్య పుట్టిల్లు స్పానిష్ నేల.. మరి ఆ భాష మనం నేర్చుకోలేమా? ఖర్చు లేకుండా మొదలుపెట్టండిలా!

2025 ఆగస్టు 27న భారత్ సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. గట్టి దెబ్బ తగిలిన వాటిలో మన రొయ్య ఒకటి. అదే సమయంలో ఈక్వెడార్‌పై పడింది 15 శాతమే. ఆ తర్వాత లెక్కలు మారుతూ వచ్చినా, ఒక్కటి మాత్రం తేలిపోయింది. అమెరికా ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. కొత్త కొనుగోలుదారులు కావాలి, పోటీదారు ఏం చేస్తున్నాడో తెలియాలి.

ఇక్కడే స్పానిష్ భాష సీన్‌లోకి వస్తోంది. ప్రపంచంలో రొయ్యల ఎగుమతిలో నంబర్ వన్ ఈక్వెడార్. అక్కడ మాట్లాడేది స్పానిష్. ఐరోపాలో చేపలు, రొయ్యలు బాగా తినే దేశాల్లో స్పెయిన్ ఒకటి. అంతెందుకు, 2009లో మన చెరువుల్లోకి అనుమతి వచ్చిన వనామీ రొయ్య పుట్టిల్లే మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. అదంతా స్పానిష్ నేలే!

ఎవరికి ఉపయోగం?

నాగాయలంక రైతు రేపే స్పానిష్ నేర్చుకుంటే ధర పెరుగుతుందా? పెరగదు. కానీ ఎగుమతి కంపెనీల్లో మార్కెటింగ్, డాక్యుమెంటేషన్ చూసే కుర్రాళ్లకు, హేచరీ, మేత రంగాల టెక్నీషియన్లకు ఇది అదనపు బలం. ఈక్వెడార్‌లో పెద్ద చెరువుల్లో తక్కువ పిల్ల వేసి, ఆటోమేటిక్ యంత్రాలతో మేత వేస్తారు. అక్కడి రైతులు, టెక్నీషియన్లు యూట్యూబ్‌లో చెప్పే ముచ్చట్లు ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటాయి. 'కమరోన్' అంటే రొయ్య, అక్కడ రొయ్యల చెరువును 'పిసీనా' అంటారు. ఈ రెండు ముక్కలు తెలిసినా యూట్యూబ్‌లో వెతుకులాట మారిపోతుంది.

మన రాష్ట్రానికి స్పానిష్ కొత్తేమీ కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆర్డీటీ సంస్థను మొదలుపెట్టారు. స్పెయిన్ దాతల అండతో ఎదిగిన ఆ సంస్థ చుట్టూ స్పానిష్ మాట్లాడే తెలుగువాళ్లు తయారయ్యారు.

తెలుగోళ్లకు ఈజీ ఎందుకంటే..

తెలుగులాగే స్పానిష్‌లోనూ రాసింది రాసినట్టే చదవొచ్చు. ఇంగ్లీషువాళ్లు తడబడే చోట మనకు ఇబ్బందే లేదు. అక్కడి 'త', 'ద' అచ్చంగా మన త, ద లాంటివే. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. బండి ఱ పలికే నాలుకకు ఇదో లెక్కా!

మనం 'నేను' అనకుండానే 'మాట్లాడతాను' అన్నట్టు, వాళ్లు 'ఆబ్లో' అంటే సరిపోతుంది. అంతేకాదు, ఇంగ్లీష్‌లో లేని నువ్వు, మీరు తేడా అక్కడ ఉంది. నువ్వుకు 'తూ', మీరుకు 'ఉస్తెద్'.

కొన్ని మాటలైతే చుట్టాలే. స్పానిష్‌కు తోబుట్టువు లాంటి పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన మేజా, అలమర, మేస్త్రీ స్పానిష్‌లో మేసా, అర్మారియో, మాయెస్త్రో.

చిక్కు ఎక్కడంటే లింగంతో. బల్ల ఆడ, పుస్తకం మగ! అందుకే 'మేసా' అని కాకుండా 'లా మేసా' అని జంటగానే గుర్తుపెట్టుకోవాలి.

ఎలా మొదలుపెట్టాలి?

• మొదటి వారం శబ్దాలే. విన్న ప్రతి మాటా తెలుగు లిపిలో రాసుకోండి. ఓలా (నమస్తే), గ్రాసియాస్ (థాంక్స్), క్వాంతో క్వేస్తా (ఎంత ధర).

• చదివే ఓపిక లేకపోతే వినండి. 'లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్' ఆడియో పాఠాలు ఉచితం. ఇంగ్లీష్‌లో సాగుతాయి, బస్సులో వెళ్తూ వినొచ్చు.

• ఇంగ్లీష్ అంతగా రాదా? యూట్యూబ్‌లో 'డ్రీమింగ్ స్పానిష్' చూడండి. కొత్తవాళ్ల కోసం బొమ్మలు, సైగలతో నెమ్మదిగా చెప్తారు.

• రోజుకు ఐదు మాటలు, అదీ మీ పనికి పనికొచ్చేవే. ఆగ్వా (నీళ్లు), సాల్ (ఉప్పు), ప్రేసియో (ధర).

• రెండు నెలలయ్యాక తోడు వెతుక్కోండి. తప్పయినా సరే నోరు తెరిచి మాట్లాడితేనే భాష వస్తుంది.

సర్టిఫికెట్ కావాలంటే 'డెలె' పరీక్ష ఉంది. ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఢిల్లీలో ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్, హైదరాబాద్‌లో ఇఫ్లూ స్పానిష్ నేర్పుతున్నాయి.

ఈ ప్రకటనలతో జాగ్రత్త!

'30 రోజుల్లో స్పానిష్, ఆపై ఉద్యోగం గ్యారంటీ' అంటే అనుమానించాల్సిందే. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికే సుమారు 30 వారాలు పూర్తికాలం క్లాసులు పెడుతుంది. రోజుకు అరగంట చదివే మనకు ఏడాదికి దొరికేది 180 గంటలు. దాంతో పలకరింపులు, బేరం, చిన్న మెసేజ్‌లు వస్తాయి. కాంట్రాక్టు చదివేంత రాదు.

భాష వస్తే వీసా వచ్చేసినట్టు కాదు. విదేశీ ఉద్యోగం అంటూ డబ్బులడిగే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్రం 'ఈ-మైగ్రేట్' పోర్టల్‌లో చూసుకోండి. జర్మనీలో నర్సు ఉద్యోగం మీ లక్ష్యమైతే నేర్చుకోవాల్సింది స్పానిష్ కాదు, జర్మన్. ముందు ఎందుకో తేల్చుకోండి, తర్వాతే ఫీజు కట్టండి. మొదటి రెండు నెలలకైతే ఫోన్, ఇయర్‌ఫోన్స్, రోజూ అరగంట చాలు.