తవుడు మనది, గడ్డి మనది, బూజు మీద సంపాదన ఎవరిది?

రైతు సోదరులారా, పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతోని చదవండి.

బూజు అంటేనే మనకు భయం. మక్కలకు బూజు పడితే ధర కోస్తరు, వడ్లు ముక్కితే తరుగు తీస్తరు. అదే బూజును ఫ్యాక్టరీలల్ల పెంచి ప్రపంచంలో వేల కోట్ల వ్యాపారం చేస్తున్నరు. మనకు చెప్పినోడు లేడు.

బూజుకు నోరు లేదు, కడుపు లేదు. తిండి మీద దారాల లెక్క పాకి, తన రసాన్ని బయటికి వదిలి, అక్కడనే అరిగించి పీల్చుకుంటది. ఆ రసంలో పని చేసేటివే ఎంజైములు. అవి కూడా ప్రోటీన్లే. ఒకటి పిండిని చక్కెర చేస్తది, ఇంకోటి గడ్డిలోని నారను తెంపుతది.

ఈసారి హైదరాబాద్ పోతే అమీర్‌పేట మైత్రీవనం కాడ దిగి పంజాగుట్ట దాకా నడవండి. కోచింగ్ పిల్లల జీన్స్ ప్యాంట్లు చూడండి. ఆ వెలిసిన రంగు కోసం ఒకప్పుడు రాళ్లతోని రుద్దేటోళ్లు, ఇప్పుడు సెల్యులేజ్ అనే ఎంజైము వాడుతరు. దాన్ని ఎక్కువగా ఇచ్చేది ట్రైకోడెర్మా రీసై అనే బూజు. మనం పెంటల కలిపి చల్లే ట్రైకోడెర్మా విరిడెకు దగ్గరి చుట్టం. రెండో ప్రపంచ యుద్ధంలో సాల్మన్ దీవులల్ల అమెరికా సైన్యం గుడారాలను తిన్నది ఇదే. పిజ్జా మీది చీజ్ కోసం పాలు విరగ్గొట్టే ఎంజైము ఒకప్పుడు దూడ కడుపు నుంచి తీసేటోళ్లు, ఇప్పుడు బూజుల నుంచి కూడా తీస్తున్నరు. కోళ్ల దాణాల మక్కలు, సోయాలో ఇరుక్కున్న భాస్వరాన్ని విడిపించే ఫైటేజ్ కూడా బూజు ఇచ్చేదే.

మా ఊరి పిల్లగాడు ఒకడు మైక్రోబయాలజీ డిగ్రీ చేసి ఆ అమీర్‌పేటలనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నడు. ఎందుకురా అంటే, "మామా, నా చదువుకు మన జిల్లాల నౌకరి ఏడున్నది?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉన్నదా?

ఇది కొత్త విద్య కాదు. 1894లనే తకమినె జోకిచి అనే జపాన్ ఆయన అమెరికాలో గోధుమ తవుడు మీద బూజు పెంచి అరుగుదల మందు తీసి పేటెంట్ పొందిండు. బెంగళూరులో బయోకాన్ 1978ల బొప్పాయి పాల నుంచి ఎంజైము తీసుడుతోనే మొదలైంది. తర్వాత బూజు ఎంజైములకు పోయింది, 2007ల ఆ వ్యాపారాన్ని డెన్మార్క్ కంపెనీ నోవోజైమ్స్‌కు అమ్మింది. పానిపట్‌ల ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టుల మొదలుపెట్టిన ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేటందుకు కట్టింది. అక్కడ గడ్డిని చక్కెర చేసేది ఎంజైములే.

మరి మన సంగతి? క్వింటాలు సర్కారు వడ్లు ఆడించి మిల్లరు ఇయ్యాల్సింది 67 కిలోల పచ్చి బియ్యం, బాయిల్డ్ అయితే 68 కిలోలు. తవుడు, ఊక మిల్లుకే మిగులుతయి. గడ్డి మనం పొలంలనే అంటుబెడుతున్నం, కేసులు మన మీదనే పెడతమని బెదిరిస్తరు. గడ్డి కొనే దారి చూపియ్యకుండ అగ్గిపెట్టె పట్టుకున్నోన్ని తిడితే ఏం లాభం?

"ఇది ల్యాబ్ పని, రైతుతోని కాదు" అనేటోళ్లు ఉన్నరు. ఒక్క రైతుతోని కాదు, ఒప్పుకుంట. ఇంట్ల బూజు పెంచుమని నేను చెప్పుత లేను. పల్లీల మీది పచ్చ బూజుల అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటది, ఆట కాదు. కానీ పాల డెయిరీ ఒక్క రైతు పెట్టిండా? సంఘం కట్టి పెట్టినం. తెల్లకోటు, ల్యాబ్, పరీక్షలు అన్నీ సంఘమే తెచ్చుకున్నది.

కాబట్టి మన ఎఫ్‌పీఓలు మూడు అడగాలె. ఒకటి, తవుడు విలువ లెక్క మాకు చూపియ్యండి, అందుల మా వాటా ఎంత? రెండు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, తార్నాక ఐఐసీటీ కలిసి జిల్లాకు ఒక్క నమూనా యూనిట్ పెట్టాలె, తవుడు మీద దాణా ఎంజైము తీసి చూపియ్యాలె. మూడు, అందుల ఉద్యోగాలు మన మైక్రోబయాలజీ పిల్లలకు ఇయ్యాలె.

వచ్చే గ్రామసభల ఈ మూడు కాయితం మీద రాసి ఇయ్యండి. కాదంటే ఎందుకు కాదో వాళ్లను రాసియ్యమనండి. మీ ఊర్ల గడ్డి, తవుడు ఎటు పోతున్నయో కింద కామెంట్ల చెప్పండి.

జై కిసాన్.