నిమేషోన్మేషములు: శాస్త్రవచనము, నవీనపరిశోధన

కృష్ణాజిల్లా మెట్టప్రాంతమునకు చెంది, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్న జగ్గయ్యపేట బౌద్ధస్తూపమున లభించిన శిల్పములలో మాంధాత చక్రవర్తి ఫలకము సుప్రసిద్ధము. చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘములనుండి నాణెములు వర్షించుచున్నట్లు శిల్పి దానిని మలచెను. ఆ మాంధాత వృత్తాంతమును చెప్పు దివ్యావదానమున ఒక చిన్న విశేషము కలదు. మాంధాత స్వర్గమున కేగి ఇంద్రునితో అర్ధాసనమును పంచుకొన్నపుడు ఆ యిరువురకును ఎత్తునందు గాని, వర్ణమునందు గాని, కంఠస్వరమునందు గాని భేదము లేకుండెనట. ఉన్న భేద మొక్కటియే: ఇంద్రుడు ఱెప్ప వేయడు, మాంధాత వేయును. భారతమున నలరూపధారులైన దేవతలనుండి నలుని వేఱుపఱచుటకు దమయంతికి తోడ్పడిన చిహ్నములలోను ఇది యొకటి. మర్త్యత్వమునకు ఱెప్పపాటు గుఱుతని బౌద్ధవాఙ్మయమును, ఇతిహాసమును ఏకాభిప్రాయముతో చెప్పుచున్నవి.

ఇంతటి ప్రాధాన్యముగల క్రియను గూర్చి గత నూఱేండ్లలో నాడీశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన విస్తారమైనది. దానిని వినినపుడు పండితలోకమున రెండు వైఖరులు కానవచ్చుచున్నవి. ఇదంతయు మన శాస్త్రములలో నున్నదే యనుట మొదటిది. అది మనకు సంబంధింపని విషయమనుట రెండవది. మొదటిది చదువకయే పొందిన తృప్తి. రెండవది చదువకుండుటకు దొరకిన సాకు. రెంటిలో నేదియు శాస్త్రమునకు గౌరవము కాదు. వచనము ఎంతవఱకు నిలుచునో అంతవఱకు నిలిపి, నిలువనిచోట నిలువదని చెప్పుటయే వ్యాఖ్యాతృధర్మము.

మొదట కాలమానమును పరీక్షింపవలెను. మనుస్మృతి ననుసరించి 18 నిమేషములు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక ముహూర్తము, 30 ముహూర్తములు ఒక అహోరాత్రము. అనగా అహోరాత్రమునకు 4,86,000 నిమేషములు. ఒక నిమేషమునకు సుమారు 0.18 సెకను. కౌటిలీయార్థశాస్త్రమున 5 నిమేషములు కాష్ఠ, 30 కాష్ఠలు కల, 40 కలలు నాడిక, 2 నాడికలు ముహూర్తము. ఈ లెక్కకు నిమేషము 0.24 సెకను. నేటి యంత్రములతో కొలువగా మనుష్యుని ఱెప్పపాటు సామాన్యముగా 0.1 మొదలు 0.4 సెకను వఱకు నుండును. ప్రాచీనుల రెండు లెక్కలును ఆ పరిధిలోనే యున్నవి. ఇది నిజముగా మెచ్చదగినది.

కాని అమరకోశమును గూడ తెఱవవలెను. అందు కలకును ముహూర్తమునకును నడుమ క్షణము చేరినది: 30 కలలు క్షణము, 12 క్షణములు ముహూర్తము. ఈ లెక్కకు నిమేషము సెకనులో 67వ భాగమునకు కొంచె మటునిటు. అంత వేగముగా ఏ మనుష్యుని ఱెప్పయు మూసి తెఱవజాలదు. ఇచ్చట నిమేషమనునది కంటిని చూచి కొలిచిన కాలము కాదు, గణనకై గ్రహించిన పరిభాష. పొసగిన రెండు లెక్కలను సభలో చాటి, పొసగని మూడవదానిని దాచుట పాండిత్యము కాదు.

ఇక దర్శనవిషయము. కణాదమహర్షి ప్రాణాపానములతో పాటు నిమేషోన్మేషములను ఆత్మలింగములలో పరిగణించెను. ప్రశస్తపాదాచార్యులు దీనికి కొయ్యబొమ్మ నాడించువానిని దృష్టాంతముగా చూపిరి. బొమ్మ నియతముగా కదలుచున్నచో ఆడించువా డొకడుండవలెను. ఱెప్ప నియతముగా కదలుచున్నది గావున దానికిని ప్రయోక్త యుండవలెను అని తాత్పర్యము. ఆయనయే ప్రయత్నమును జీవనపూర్వకమనియు, ఇచ్ఛాద్వేషపూర్వకమనియు రెండుగా విభజించిరి. నిద్రలో శ్వాస నడచుట మొదటిదానివలన; చేయి చాచి వస్తువును గ్రహించుట రెండవదానివలన.

ఆ బొమ్మకు కట్టిన త్రాళ్ళను నవీనులు చూపుచున్నారు. పై ఱెప్పను ఎత్తు కండరమును నడపునది మూడవ కపాలనాడి. కంటిచుట్టు వలయముగా నుండి ఱెప్పను మూయు కండరమును నడపునది ఏడవ నాడి. మూయునపుడు ముందుగా ఎత్తు కండరము సడలును, పిదప వలయకండరము బిగియును. కంటిలో నలక పడినచో ఐదవ నాడి ఆ వార్తను మెదడుకాండమునకు చేర్చును. అచ్చటినుండియే ఏడవ నాడిద్వారా ఆజ్ఞ వెలువడును. నుదుటి నాడిపై విద్యుత్తును ప్రయోగించి పరీక్షించినపుడు వలయకండరమున తొలిస్పందనము సెకనులో నూఱవవంతునకే కలుగును, రెండవది దాదాపు మూడు నూఱవవంతులకు రెండు కన్నులందును కలుగును. ఇచ్ఛ పుట్టునంతవఱకు ఈ క్రియ వేచియుండదు.

నలక లేనపుడును ఱెప్ప వాలుచునే యుండును. వయోజనులకు సామాన్యముగా నిమిషమునకు 15 మొదలు 20 మార్లు. పసిబిడ్డలకు మిక్కిలి తక్కువ. కంటిని తడుపుటయే దీని ప్రయోజనమైనచో అన్ని మార్లు అక్కఱలేదు. ఇది మనఃస్థితి ననుసరించి మాఱునని 1927లో ఎడింబరోయందు పాండర్, కెన్నెడీ అనువారు వెల్లడించిరి. చదువునపుడు తగ్గును, సంభాషించునపుడు పెరుగును. పార్కిన్సన్ వ్యాధియందు మెదడులో డోపమిన్ అను ద్రవ్యము క్షీణింపగా ఱెప్పపాట్లును తగ్గును. ఒకే చలనచిత్రమును చూచువారు కథ విరామము పొందిన చోట్ల దాదాపు ఒకేసారి ఱెప్ప వేయుదురని 2009లో జపాను దేశపు నకానో బృందము కనుగొనెను. ఱెప్పపాటు వేళ బాహ్యావధానమునకు చెందిన మెదడు భాగములలో చైతన్యము తగ్గి, అంతర్ముఖస్థితికి చెందిన భాగములలో హెచ్చునని 2013లో ఆ బృందమే చూపెను.

నిమిషమునకు 15 మార్లు, మార్కు పావుసెకను చొప్పున 16 గంటల జాగ్రదవస్థకు లెక్కించినచో దినమున ఒక గంట కాలము కన్ను మూతపడియే యున్నదని తేలును. ఆ చీకటి ఎవ్వరికిని తెలియకుండు టెట్లు? 1980లో వోక్‌మన్, రిగ్స్, మూర్ అనువారు నోటి పైకప్పుగుండా కంటిలోనికి కాంతిని ప్రసరింపజేసి దీనిని పరీక్షించిరి. ఱెప్ప అడ్డుపడనట్టి ఆ కాంతియందలి మార్పును గుర్తించుశక్తియు ఱెప్పపాటు వేళ తగ్గెను. అనగా ఱెప్పతోపాటు మెదడు తానును చూపును ఒక క్షణము అణచుచున్నది.

ఇప్పుడు వైశేషికహేతువును తూచవలెను. ప్రయత్నవిభాగము నేటికిని ఉపకరించును: ఇచ్ఛతో ఱెప్ప మూయుట రెండవవర్గము, తనంత తాను వాలుట మొదటివర్గము. కాని తీవ్రమైన మెదడు దెబ్బ తగిలి, ఎఱుక యున్నట్టి చిహ్నమేదియు లేక పడియున్న రోగులకును కన్నులు తెఱచుట, ఱెప్ప వాలుట కలవు. కావున నిమేషము జీవనమునకు లింగము కాగలదు గాని, జ్ఞాతకు లింగమనుచో అనైకాంతికమగును. జీవనపూర్వకప్రయత్నమే చాలునని వైశేషికులు సమాధానము చెప్పవచ్చును. అట్లైనను సాధింపబడునది ప్రాణధారణమే, జ్ఞానము కాదు. న్యాయసూత్రమున గౌతముడు ఆత్మలింగములుగా ఇచ్ఛాద్వేషప్రయత్నసుఖదుఃఖజ్ఞానములను మాత్రమే చెప్పి నిమేషమును చేర్చలేదు. ఆ మితత్వమే ఇచ్చట శ్రేష్ఠము.

ఇది శుష్కతర్కమని త్రోసివేయదగినది కాదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు ప్రత్తి, మిరపచేలలో పనిచేసి, రాత్రి నేలమీద పరుండు కుటుంబములకు కట్లపాము భయము కలదు. దాని కాటు నొప్పి స్వల్పము. గాటు కనబడకయే పోవచ్చును. తొలుత కనబడు చిహ్నములలో ముఖ్యమైనది ఱెప్పలు వాలిపోవుట. ఇంటివారు దానిని నిద్రమత్తుగా తలంతురు. అది నిద్ర కాదు. విషము నాడికిని కండరమునకును గల సంబంధమును తెంచుచున్నది. ఎత్తు కండరము మొదట ఓడును, పిదప మ్రింగుట, తుదకు శ్వాస. అట్టి రోగి ఱెప్పయైనను కదల్పలేకయే చుట్టునున్నవారి మాటల నన్నింటిని వినుచుండవచ్చును. కృత్రిమశ్వాసతో నిలుపబడి, విషహరమగు సూదిమందు పొంది కోలుకొన్నవారు కలరు.

ఱెప్ప కదలుటలేదు గావున లోపల ఎవ్వరును లేరని ఇచ్చట నిశ్చయించుట ప్రాణాంతకమగు దోషము. పొగ లేనంతమాత్రమున అగ్ని లేదనరాదనుటకు తార్కికులు కాలిన ఇనుపముద్దను చూపుదురు. లింగాభావము లింగ్యభావమును సాధింపదను ఆ పాఠమును ప్రతి విద్యార్థియు వల్లించును. రోగిశయ్యచెంత మాత్రము అది జ్ఞప్తికి రాదు.

ముఖమున ఒకప్రక్క పడిపోవు అర్దితమును గూర్చియు ఇట్లే చెప్పవలెను. ఏడవ నాడి చెడినపుడు ఆ ప్రక్క కన్ను నిద్రలోను మూతపడదు. తడి యారి, కార్నియా అను స్వచ్ఛమైన పొర పుండుపడి చూపు పోవచ్చును. ఉన్మీలనమునకు కూర్మవాయువు కారణమని వేదాంతగ్రంథములు చెప్పుట యథార్థమే. ఆ వచనమును వినిపించి ఊరకుండినచో కన్ను నిలువదు. కంటికి తడి కలిగించు మందును, రాత్రి కట్టును, వైద్యుని దర్శనమును కావలెను.

పల్లెలలో సంస్కృతపండితుని మాటకు నేటికిని విలువ కలదు. ముహూర్తమునకై వచ్చినవారే ఇంటిలోని రోగమును గూర్చియు నడుగుదురు. కావున ప్రాచ్యకళాశాలలలో ఆత్మలింగప్రకరణమును బోధించు దినమున ఒక వైద్యుని పిలిపించి ఱెప్పల నిర్మాణమును గూడ చెప్పించుట ఉచితము. అందువలన కణాదునకు కొఱత కలుగదు. ఱెప్పపాటును చూచి ప్రశ్నింపదగినదని తలంచినవాడతడు. ఆ ప్రశ్నను కొనసాగించుట శిష్యులకు విధి.