క్షమాపణ కోరి శుద్ధిని త్రోసివేయుదురా?

“దేవుడు నన్ను క్షమించెను, ఇక ఆ సంగతి ఎత్తవద్దు.” ఈ మాట మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. తోబుట్టువు వాటా పొలము అనుభవించుచున్నవాడును, కూలివాని కూలి బిగబట్టినవాడును ఈ మాటనే పలుకుచు ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నారు. ప్రియ చదువరీ, ఇది సువార్త కాదు. సువార్తలో సగము ఉంచుకొని తక్కిన సగము పారవేసినవారి మాట యిది.

యోహాను మొదటి పత్రిక 1:9 తెరచి చూడుము. పాపములను ఒప్పుకొనినవారికి దేవుడు చేయునవి అక్కడ రెండున్నవి. ఒకటి క్షమించుట, రెండవది శుద్ధిచేయుట. ఈ రెండవదానికి గ్రీకు మూలమందున్న క్రియాపదమే మార్కు 1వ అధ్యాయములో కుష్ఠరోగి స్వస్థతను గూర్చియు వాడబడినది. ఆ రోగి తన రోగమును చూచియు చూడనట్లుండుమని ప్రభువును వేడుకొనలేదు. అది తన ఒంటినుండి పోవలెనని వేడుకొనెను. మనమో రోగమును ఒంటిమీదనే ఉంచుకొని, నయమైనదని చీటి మాత్రము ఇమ్మనుచున్నాము!

ధర్మశాస్త్రము ఈ విషయమున ఎంత స్పష్టముగా నున్నదో చూడుము. లేవీయకాండము 6వ అధ్యాయము ప్రకారము, పొరుగువానిని మోసగించినవాడు అపహరించినదానిని అయిదవ వంతు కలిపి, బలి తెచ్చు దినముననే సొంతదారునికి ఇచ్చుకొనవలెను. ఒక చేత పొట్టేలు, మరియొక చేత దొంగసొత్తు పట్టుకొని బలిపీఠమును సమీపించుటకు వీలులేదు.

“అట్లయిన క్రియలచేత రక్షణ కొనవలెనా?” అని కొందరడుగుదురు. ఎన్నటికిని కాదు. యెరికోలో జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని పలుకకమునుపే ప్రభువు అతనిని పేరుపెట్టి పిలిచి, అతని ఇంట బసచేయుటకు వెళ్లెను. కృప ముందు వచ్చినది. పెట్టె మూత తరువాత తెరువబడినది. అయితే మూత తెరువని కృప ఏ సువార్తలో ఉన్నది?

1517లో పాపపరిహార పత్రములు సొమ్మునకు అమ్ముచుండగా మార్టిన్ లూథరు ఎదిరించెనని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆయన వ్రాసిన 95 సూత్రములలో మొదటిది విశ్వాసి బ్రదుకంతయు మారుమనస్సై యుండవలెనని బోధించుచున్నది. ఆనాటివారు ఆ పత్రములకు సొమ్మైనను చెల్లించిరి. మనము అట్టి పత్రమునే ఊరకయే వ్రాసికొని జేబులో వేసికొనుచున్నాము. ఇందులో మనకు అతిశయకారణమేమి?

తీర్చలేని బీదవాడు దీనిని చదివి కృంగిపోనక్కరలేదు. సిలువమీది దొంగ ఏమియు తిరిగి ఇయ్యలేకపోయెను. అయినను తన శిక్ష న్యాయమైనదేయని అందరియెదుట ఒప్పుకొనెను. ఆ దినమే పరదైసు పొందెను. క్రీస్తు రక్తము అట్టివానికి చాలినది. కాని చదువరీ, నీవు సిలువమీద లేవు. నీ చేతులకు మేకులు లేవు. నీ పొరుగువాని ఇల్లు నీకు దూరమును కాదు.

కాబట్టి రాబోవు సంస్కార ఆదివారమునకు ముందే లేచి వెళ్లుము. ఇయ్యవలసినది ఇమ్ము; చెప్పవలసినది చెప్పుము. క్షమించు దేవుడే కడుగు దేవుడు. ఆయన ఒక చేతిని పట్టుకొని రెండవ చేతిని త్రోసివేయువాడు ఆయనను పట్టుకొనినవాడు కాడు.