ఐదు నిమిషాల బటన్

పనిలో మనసు నిలవడం లేదనే వాళ్ల కోసం బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు తయారుచేయడం మా వృత్తి. ఆఫీసు వేళల్లో యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, క్రికెట్ స్కోర్ల సైట్లు తెరుచుకోకుండా ఆపుతాం. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల మాలాంటివాళ్లకి కొదవలేదు. ఇటు రాకముందు ఏం చేసేవాళ్లమో కూడా చెప్పాలి. మాలో చాలామంది షాపింగ్ యాప్‌లకీ వార్తల యాప్‌లకీ నోటిఫికేషన్లు రాసినవాళ్లు. ఐకాన్ మీద ఏ రంగు చుక్క పెడితే వేలు అటు పోతుందో పరీక్షలు పెట్టి తేల్చినవాళ్లు. ఆ అనుభవమే ఇంటర్వ్యూలో మాకు మార్కులు తెచ్చింది.

ఈ దారి మేం వేసింది కాదు. 2006లో ఎంత కిందికి జరిపినా అయిపోని పేజీకి రూపమిచ్చిన ఆజా రాస్కిన్, తర్వాత ఆ పని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. జనానికి యాప్‌ల అలవాటు ఎలా చేయాలో చెబుతూ 2014లో 'హుక్డ్' రాసిన నీర్ ఎయాల్, ధ్యాస చెదరకుండా ఎలా ఉండాలో చెబుతూ 2019లో 'ఇన్‌డిస్ట్రాక్టబుల్' రాశాడు. ఆ రెండు పుస్తకాలూ మా ఆఫీసు అల్మారాలో పక్కపక్కనే ఉండేవి. ఎవరికీ నవ్వు రాలేదు.

సాంకేతికంగా మేం తక్కువ తినలేదు. యూట్యూబ్ మొత్తాన్ని ఆపేస్తే, తెలుగులో పైథాన్, ఎక్సెల్ పాఠాలు వినే కుర్రాళ్ల పని కూడా ఆగిపోతుంది. అందుకని షార్ట్స్ మాత్రమే ఆపే నియమం రాశాం. బయటినుంచి లింకు తెరిస్తే ఆగింది. యూట్యూబ్‌లోనే ఉండి నొక్కితే మాత్రం చక్కగా ఆడింది! అక్కడ పేజీ మళ్లీ లోడ్ అవదు, పైన అడ్రస్ ఒక్కటే మారుతుంది. కొత్త పేజీ కోసం సర్వర్‌ని అడిగితేనే గదా మా నియమానికి దొరికేది. అడ్రస్ మారడాన్ని విడిగా కనిపెట్టి ఆ సందు కూడా మూసేశాం. ఇలాంటి చిక్కులు విప్పడం మాకు సరదా. అంతకంటే పెద్ద ప్రశ్నల జోలికి పోకుండా ఉండటానికి ఆ సరదా బాగా పనికొచ్చింది.

సైట్ ఆగిపోయినప్పుడు కనిపించే పేజీ మీద ఏముండాలి? మొదట రెండు ముక్కలే అనుకున్నాం: 'ఈ సైట్ ఆరింటిదాకా మూసి ఉంది.' కానీ ఆ పేజీ తగిలాక కొందరు ఎక్స్‌టెన్షన్‌నే పీకేస్తున్నారని లెక్కల్లో తేలింది. మర్నాటికి ఒక బటన్ వచ్చి చేరింది: 'ఇంకో ఐదు నిమిషాలు'. తర్వాత, వరసగా ఎన్ని రోజులు నిగ్రహంగా ఉన్నారో చూపించే మంట బొమ్మ వచ్చింది. ఐదు నిమిషాలు ఎన్నిసార్లు తీసుకున్నా మంట ఆరకూడదని కూడా మేమే తీర్మానించాం, ఆరితే మనిషి వెళ్లిపోతాడు కాబట్టి. ఆ మీదట ఒక నోటిఫికేషన్: 'మీ ఈ వారం ఏకాగ్రత నివేదిక సిద్ధంగా ఉంది.' అది సరిగ్గా పనివేళలోనే వచ్చేది, ఎందుకంటే ఆ వేళలోనే ఎక్కువమంది తెరుస్తారు. ఏ విద్యతో జనం ధ్యాస దోచామో, అదే విద్యని కాపలా పేరుతో మళ్లీ అమ్మాం.

ఇలాగే చేయాలని రూలేం లేదు. 2009లో స్టీవ్ లాంబర్ట్ అనే కళాకారుడు మ్యాక్ కంప్యూటర్ల కోసం 'సెల్ఫ్‌కంట్రోల్' తెచ్చాడు. ఉచితం. గడువు పెట్టి మొదలుపెడితే కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా, ఆ ప్రోగ్రామ్‌నే తీసేసినా నిషేధం పోదు. బ్రౌజర్‌లో అంత గట్టిగా కుదరని మాట నిజమే. క్రోమ్‌లో మనమే పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్‌ని ఒకట్రెండు నొక్కులతో ఆపేయొచ్చు, ఇన్‌కాగ్నిటోలో మనం అనుమతిస్తే తప్ప అది పనే చేయదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మీటింగుల్లో అనుకుని ఊరుకునేవాళ్లం. ఆ సామెత చాటున ఐదు నిమిషాల బటన్ కూడా దాగింది. బ్రౌజర్ పరిమితి వేరు, మేం పెట్టిన బటన్ వేరు.

అన్ని వెబ్‌సైట్లలోని డేటాని చదివే, మార్చే అనుమతి కూడా అడిగాం. ఆపాల్సిన సైట్లకి మాత్రమే విడివిడిగా అడగొచ్చు. అలా అడిగితే జనం మధ్యలో మానేస్తారని భయం. ఎవరు ఏ సైటుకి ఎప్పుడు వెళ్లబోయారో వాళ్ల కంప్యూటర్‌లోనే లెక్క కట్టొచ్చు. ఆ లెక్కని మా సర్వర్‌కి తెప్పించుకున్నాం.

ఇదంతా ఒక ఎత్తు. అసలు తప్పు, ధ్యాస చెడగొట్టేది ఎవరని మేం అడిగిన తీరులో ఉంది. వాడేవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసే ఒకావిడ అంది: "నేను యూట్యూబ్ చూసేదే తక్కువండీ. మా లీడ్ పింగ్ చేస్తే వెంటనే జవాబివ్వాలి, లేకపోతే ఫోన్ చేసేస్తారు. మీది ఆయన్ని ఆపుతుందా?" అందరం నవ్వాం. నోట్సులో 'మన పరిధి కాదు' అని రాసుకున్నాం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లో పరిశోధకురాలు గ్లోరియా మార్క్ ఏళ్లతరబడి ఈ విషయమే చూసింది. ఒక స్క్రీన్ మీద ధ్యాస నిలిచేది 2004లో సగటున రెండున్నర నిమిషాలైతే, తర్వాత తర్వాత 47 సెకన్లకు పడిపోయిందని చెప్పింది. ఆ 47ని మా మొదటి స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో వేసుకున్నాం. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆమే, సహచరులతో కలిసి, 13 మంది ఉద్యోగులకి ఐదు పనిదినాలు ఈమెయిల్ లేకుండా చేసింది. వాళ్లు ఒక్కో పని మీద ఎక్కువసేపు నిలిచారు, గుండె లయని కొలిస్తే ఒత్తిడి తగ్గినట్టు కనిపించింది. అది ఏ స్లైడ్ మీదికీ ఎక్కలేదు. ఎక్కితే ఆఫీసు మెయిల్‌నీ చాట్‌నీ ఆపాల్సిన జాబితాలో చేర్చాలి. మా లైసెన్సులు టోకున కొనేది ఆ ఆఫీసులే.

కొన్న కంపెనీలు ఇంకోటి అడిగాయి: ఏ ఉద్యోగి ఎన్నిసార్లు మూసిన సైటు తలుపు తట్టాడో చూపించే డ్యాష్‌బోర్డు. లెక్క ఎలాగూ మా సర్వర్‌లోనే ఉంది. చేసిచ్చాం. లాగిన్ టీమ్ లీడ్ల చేతిలో ఉంటుంది. ఆ లీడ్ తన మనుషుల్ని పని మధ్యలో ఎన్నిసార్లు పిలిచాడో చూపించే గడి మాత్రం అందులో లేదు. అన్ని సైట్లూ చదివే అనుమతి చేతిలో ఉన్న మాకు, బ్రౌజర్‌లో తెరిచే చాట్ వరకైనా, అదేం పెద్ద పని కాదు. ఏ మూడు నెలల ప్రణాళికలోనూ దాని పేరు రాలేదు, మాలో ఎవరమూ తేలేదు.