శిక్షణ సరే, బాధ్యత ఏదీ?

అల్పసంఖ్యాక వర్గాల మహిళలలో నాయకత్వ సామర్థ్యాన్ని పెంపొందించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2012-13లో 'నయీ రోష్నీ' పథకాన్ని ప్రారంభించింది. స్వచ్ఛంద సంస్థల ద్వారా శిక్షణ ఇప్పించి చట్టపరమైన హక్కులు, ఆరోగ్యం, చదువు, పొదుపు వంటి విషయాలు నేర్పడం దాని లక్ష్యం. ఇరుగుపొరుగున ఉన్న ఇతర మతాల స్త్రీలకూ అందులో చోటు కల్పించారు. తరువాత దానిని 'పీఎం వికాస్' పథకంలో విలీనం చేశారు. ఉద్దేశం మెచ్చదగినదే. అయితే శిక్షణ పొందిన సోదరి మరునాడు ఏ సంఘంలో ఏ బాధ్యత వహించాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మన జమాఅత్‌లే.

మా చల్లపల్లి వంటి ఊళ్లను చూడండి. డ్వాక్రా సంఘాలలో స్త్రీలు పొదుపు లెక్కలు చూస్తున్నారు, బ్యాంకులో సంతకాలు చేస్తున్నారు. మన రాష్ట్రంలో 2013 ఎన్నికల నుంచి పంచాయతీ స్థానాలలో సగం స్త్రీలకే కేటాయించారు. అదే ఏడాది వక్ఫ్ చట్టానికి చేసిన సవరణ, రాష్ట్ర బోర్డులో కనీసం ఇద్దరు మహిళలుండాలని నిర్దేశించింది. కానీ మస్జిద్ కమిటీల వద్దకు వచ్చేసరికి చాలాచోట్ల స్త్రీ సంతకం కనిపించదు. ఏ ఇంట్లో పిల్ల బడి మానేసిందో, ఏ వితంతువుకు పింఛను ఆగిందో ముందుగా తెలిసేది స్త్రీలకే. నిర్ణయం మాత్రం వారు లేనిచోట జరుగుతుంది.

ఇది ధర్మసమ్మతమేనా అని సందేహించేవారు హుదైబియా ఘట్టాన్ని గుర్తుచేసుకోవాలి. ఒడంబడికతో కలత చెందిన సహచరులు ఖుర్బానీ ఇవ్వడానికి కదలనప్పుడు, దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా స్వీకరించారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందుగా తామే ఖుర్బానీ ఇమ్మని ఆమె సూచించారు. ఆయన అలాగే చేశారు. సహచరులందరూ అనుసరించారు.

మరొక అల్పసంఖ్యాక సమాజపు అనుభవమూ గమనించదగినదే. వివేకానందుడు ప్రసంగించిన 1893 చికాగో సర్వమత మహాసభకు యూదు పురుషులు తయారుచేసిన కార్యక్రమంలో తమ స్త్రీలకు ప్రసంగించే అవకాశం ఇవ్వలేదు. హన్నా సోలమన్ నాయకత్వంలో ఆ స్త్రీలు వేరుగా సభ జరుపుకుని జాతీయ యూదు మహిళా మండలిని స్థాపించారు. అమెరికాకు ఒంటరిగా వలస వచ్చిన బాలికలను ఆదుకోవడం వంటి పనులు భుజాన వేసుకున్నారు. పని చేతికి వచ్చినందువల్లనే వారి నాయకత్వం రాటుదేలింది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. అర్జీ ఇచ్చి రశీదు పుచ్చుకోవడం, తీర్మానాల పుస్తకం చదివాకే సంతకం పెట్టడం, జమాఖర్చుల వివరాలు నిలదీసి అడగడం నాయకత్వానికి ఓనమాలు. ఇవి ఉపన్యాసాలు వింటే అబ్బవు.

కనుక ప్రతి జమాఅత్ ఒక మహిళా ఉపసంఘాన్ని ఏర్పరచాలి. బడి మానిన పిల్లల విషయం, పింఛన్లు, జకాత్ అర్హుల గుర్తింపు దానికి అప్పగించాలి. కొంత నిధి, వేరుగా బ్యాంకు ఖాతా ఇవ్వాలి. ఉపసంఘం నుంచి ఇద్దరికి ప్రధాన కమిటీలో ఓటుహక్కు ఉండాలి. పరదా పాటించేవారికి వేరుగా కూర్చునే ఏర్పాటు చేయడం, ఇంటిపనులు ముగిసిన వేళ సమావేశం పెట్టడం కష్టమేమీ కాదు.

వచ్చే రంజాన్‌లో జకాత్ జాబితా తయారయ్యేలోగా ఈ ఉపసంఘాలు ఏర్పడేలా చూడాలని మన కమిటీల పెద్దలను కోరుతున్నాను.