కాలువనీరు - 1974వ సంవత్సరపు చట్టము

మన తాతలకాలమున ఏలూరు కాలువనీటిని కుండలలో పోసి, చిల్లగింజ నరగదీసి కలిపి, తేటపడిన పిమ్మట త్రాగెడివారు. చిల్లగింజ బురదను దింపగలదు గాని పురుగుమందును దింపజాలదు. నేడు హనుమాన్ జంక్షను పరిసరములందు ఆ నీటిని త్రాగుటకు సాహసించువారు అరుదు.

1974లో మన పార్లమెంటు జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టమును చేసినది. అది కర్మాగారములకు మాత్రమే సంబంధించినదని రైతుసోదరులలో పలువురి అభిప్రాయము. ఇది పొరపాటు. ఆ చట్టము నదులనే గాక వాగులను, అవి ఎండియున్నను సరే, మనుష్యులు త్రవ్విన కాలువలను, భూగర్భజలమును గూడ తన క్రిందికి తెచ్చుకొన్నది. తెలిసియుండియు విషపదార్థమును వానిలో కలియనిచ్చుట ఎవరికిని కూడదని 24వ సెక్షను చెప్పుచున్నది. ఎవరికిని అన్నప్పుడు మురుగును వదలు పట్టణములును, చేపలచెరువుల యజమానులును, మందు కొట్టిన డబ్బాను రేవులో కడుగు మనమును చేరితిమి.

పట్టణములపై మన ఫిర్యాదు న్యాయమైనదే. కాలువ విజయవాడ నడుమనుండి వచ్చుచున్నది. ఎగువవారు వాడి విడిచినది దిగువవారు త్రాగవలెనా? కాని మనకును దిగువవారు గలరు. మన మురుగుకాలువల నీరు, బుడమేరు, తమ్మిలేరుల నీరు కొల్లేటికి చేరును. అచ్చటినుండి సముద్రమునకు ఉప్పుటేరే దారి. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము పొందిన సరస్సు అది.

2024లో ఈ చట్టమును సవరించి, పెక్కు అపరాధములకు కారాగారశిక్షను తీసివైచి, 10 వేలు మొదలు 15 లక్షల రూపాయలవరకు జరిమానా నియమించిరి. రాష్ట్రములలో దీని నంగీకరించినవానికే ఇది వర్తించును. ఈ మార్పు నాకు సమ్మతము గాదు. 10 వేలు కౌలురైతును కుంగదీయును. 15 లక్షలు పెద్ద కర్మాగారమునకు ఖర్చుపద్దులలో నొకటి. జైలుభయమే అట్టివారిని కొంత అదుపులో నుంచునది.

మన సంఘము చేయదగిన పని యొకటి గలదు. పురుగుమందు అమ్మిన ప్రతి డబ్బాకును కొంత సొమ్ము ధరావతుగా నుంచుకొని, ఖాళీడబ్బా తెచ్చినప్పుడు తిరిగి యీయవచ్చును. పిచికారీ యంత్రములు కడుగుటకు కాలువగట్టునకు దూరముగా ఒక తావు నేర్పరుపవచ్చును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింపదలచితిని. బలపరచువారు ముందుగా కార్యదర్శికి తెలుపగోరెదను.